పెరటి తోట – నీటి లెక్క

పాఠ్యభాగ ఉద్దేశం

వర్షాభావ ప్రాంతమైన రాయలసీమలో, ముఖ్యంగా కర్నూలు, కడప సీమలలో, ఇంటి పెరట కూరగాయలు పెంచుకొనే విధానాన్ని తెలియజేయడం, నీటి విలువను గుర్తింపజేయడం, శ్రమ పట్ల గౌరవాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మానవుడు మరణించిన తరువాత కూడా లోకంలో నిలిచి ఉండడానికి మన పూర్వులు ఏడు మార్గాలను చెప్పారు. కుమారుడు, నిధి, దేవాలయం, అగ్రహారం, కావ్యం, తటాకం, వనం అనే ఈ ఏడింటికి సప్త సంతానాలని పేరు. కన్నబిడ్డతో సమానంగా చెరువునూ, తోటనూ సంతానంగా భావించడం మన సంస్కృతిలోని విశేషం. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తునికి గోదాదేవి లభించింది ఆయన స్వయంగా పెంచుకొన్న తులసివనంలోనే. ఆ మహాభక్తుడు అతిథులకు ఏ ఋతువులో ఆ ఋతువుకు తగిన భోజనం పెట్టేవాడని కూడా రాయలవారు వర్ణించారు. తోటకూ వంటకూ, వంటకూ ఋతువుకూ ఉన్న సంబంధం మన కవులకు బాగా తెలిసిన విషయమే.

సప్త సంతానాలలోని తటాకాన్నీ, వనాన్నీ ఒకేచోట కలిపి ఆలోచించవలసిన అవసరం తెలుగునాట రాయలసీమకే ఎక్కువ. 1800లో నిజాం నవాబు ఆంగ్లేయులకు అప్పగించడం వల్ల దత్తమండలాలుగా పిలువబడిన ఈ ప్రాంతానికి 1928లో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ అనే పేరు వచ్చింది. పేరులో రాచఠీవి ఉన్నా ఈ సీమపై వరుణుని కరుణ తక్కువ. ఇది పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న నేల. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు, ఉమ్మడి కడప జిల్లాది సుమారు 700 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వాన కూడా అన్ని సంవత్సరాలలో సకాలంలో కురవదు. 1876–78 నాటి ధాత కరువు ఈ జిల్లాలను ఎంతగా కుదిపివేసిందో చరిత్ర చెబుతుంది. సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని అందుకొనే కర్నూలు–కడప కాలువ వెంట పొలాలు పచ్చగా కనిపించినా, కాలువ అందని మెట్ట గ్రామాలలో బిందెడు నీటి కోసం ఎదురుచూసే రోజులు ఉంటాయి.

“తాగడానికే నీరు చాలని చోట కూరగాయల పెంపకం ఎలా సాధ్యం?” అని ఎవరికైనా సందేహం కలుగుతుంది. ఈ సందేహానికి సమాధానం కడప జిల్లాలోనే ఒక శిలాశాసనంలో దొరుకుతుంది.

బుక్కరాయల కుమారుడు భాస్కరుడు పోరుమామిళ్ళలో పెద్ద చెరువును నిర్మించి 1369లో శాసనం వేయించాడు. ప్రతిరోజూ వేయిమంది కూలీలు, వంద బండ్లు పనిచేయగా ఆ నిర్మాణం రెండేళ్ళలో పూర్తయిందని ఆ శాసనం తెలుపుతుంది. అంతకంటె విలువైన విషయం మరొకటి అందులో ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది వివరిస్తుంది. కట్ట నుండి నీరు కారిపోవడం, నేల చవుడుగా ఉండడం వంటివి ఆ దోషాలలో కొన్ని. నీరు తక్కువగా ఉండి, దానితో పారించవలసిన భూమి ఎక్కువగా ఉండడం కూడా వాటిలో ఒకటి. ఆరు వందల ఏళ్ళకు పూర్వం చెరువును గురించి చెప్పిన ఈ మాట నేటి పెరటి తోటకు అక్షరాలా వర్తిస్తుంది. స్థలం ఎంత ఉన్నదో చూసి తోట వేసేవాడు వేసవిలో ఎండిన మొక్కలను చూసి నిరాశపడతాడు. నీరు ఎంత ఉన్నదో కొలిచి తోట వేసేవాడు ఏడాది పొడవునా ఏదో ఒక కూర కోసుకొంటాడు.

అందువల్ల సీమ పెరటిలో తొలిపని నీటిని లెక్కించడం. దీనికి పెద్ద గణితం అవసరం లేదు. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీటితో సమానం. కర్నూలు, నంద్యాల ప్రాంతాలలో మే నెల ఎండ 43 డిగ్రీలు దాటే రోజులు అరుదు కాదు. అటువంటి రోజులలో కూరగాయల మడికి చదరపు మీటరుకు సుమారు ఆరు లీటర్ల నీరు అవసరమనుకొందాం. ఒక ఇంటిలో బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీరు, కాళ్ళుచేతులు కడుక్కొన్న నీరు, స్నానపు నీటిలో సబ్బు కలియని భాగం కలిపి రోజుకు అరవై లీటర్లు వస్తుందనుకొంటే, ఆ నీటితో వేసవిలో పది చదరపు మీటర్ల మడిని బతికించవచ్చు. సెంటు భూమి అంటే సుమారు నలభై చదరపు మీటర్లు. కాబట్టి ఆ ఇంటి వేసవి తోట పావు సెంటుకు మించరాదు. చలికాలంలో అవసరం దాదాపు సగానికి తగ్గుతుంది కనుక అదే నీటితో మడిని రెట్టింపు చేయవచ్చు. ఋతువును బట్టి మడిని పెంచుతూ, తగ్గిస్తూ పోవడమే సీమ పెరటి రహస్యం.

ఈ లెక్కలో ఒక ధర్మసూక్ష్మం కూడా ఉన్నది. ట్యాంకరు వచ్చి పోసిపోయే తాగునీరు మొదట మనిషిదీ, పశువుదీ. ఒకసారి ఇంటిపనికి ఉపయోగపడిన నీరు మాత్రమే మొక్కది. దీనిని రెండవ నీరు అనవచ్చు. సబ్బు, సోడా కలిసిన నీటిని ఆకుకూరలకు పోయకూడదు. అటువంటి నీటిని అరటి మొదటికో, మెట్టతామర గుంటకో మళ్ళించాలి. ఇంటి కప్పు మీద పడే వాననీటిని కూడా లెక్కలో చేర్చుకోవాలి. యాభై చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ నీరు 35,000 లీటర్లు అవుతుంది. అందులో అయిదవ వంతు వృథా అయినా 28,000 లీటర్లు మిగులుతుంది. అంతటి నీటిని తొట్లలో నిలువచేయడం కష్టమే కాని, ఇంకుడు గుంతలోకి మళ్ళిస్తే అది భూగర్భ జలమై బావికీ, బోరుకూ ఊతమిస్తుంది.

నీరు దొరికిన తరువాత దానిని ఎండకు ఒప్పగించకుండా వేరుకు చేర్చడం రెండవ పని. ఇందుకు మట్టికుండను మించిన సాధనం లేదు. మెరుగుపూత లేని కుండను మెడ వరకు నేలలో పాతి, నీటితో నింపి, మూకుడు మూయాలి. కుండ గోడలోని సన్నని రంధ్రాల ద్వారా నీరు ఊరుతుంది. చుట్టూ ఉన్న మట్టి ఎండితే ఊట పెరుగుతుంది. మట్టి తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. ఎప్పుడు, ఎంత నీరు కావాలో మట్టే నిర్ణయించుకొంటుందన్నమాట. క్రీస్తుపూర్వం ఒకటవ శతాబ్దికి చెందిన చైనా వ్యవసాయవేత్త ఫాన్ షెంగ్‌ఝి కూడా ఈ పద్ధతిని వివరించాడు. కుమ్మర మొల్ల పుట్టిన ఊరిగా ప్రసిద్ధి పొందిన గోపవరం కడప జిల్లాలోనిదే. కుండ విలువ ఈ సీమకు కొత్తగా చెప్పవలసినది కాదు. ఒక కుండ చుట్టూ నాలుగు సొర, బీర లేక కాకర పాదులు పెట్టుకోవచ్చు.

నేలను కప్పి ఉంచడం మూడవ పని. దీనిని ఆచ్ఛాదన అంటారు. సీమలో చెనిక్కాయల పొట్టుకు కొదవ లేదు. ఆ పొట్టునూ, ఎండుటాకులనూ, కొర్రగడ్డినీ మూడు నాలుగు అంగుళాల మందాన మడి మీద పరిస్తే తేమ ఆవిరి కాదు, కలుపు మొలవదు, కాలక్రమంలో ఆ పొరే ఎరువుగా మారుతుంది. బేతంచెర్ల, కడప నాపరాళ్ళ ముక్కలు మడికి గట్లుగా పనికివస్తాయి. అయితే వేసవిలో అవి కాగి మొక్కను వాడ్చకుండా వాటిపైనా కొంత గడ్డి కప్పాలి.

నేల స్వభావాన్ని బట్టి మడి ఆకారం మారుతుంది. నంద్యాల, కోవెలకుంట్ల ప్రాంతాల నల్లరేగడి వానకు బురదై నీటిని పట్టి ఉంచుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అక్కడ మడిని జానెడు ఎత్తుగా కట్టాలి. రాయచోటి వైపు ఎర్రనేల నీటిని త్వరగా వదిలివేస్తుంది. అక్కడ మడిని జానెడు లోతుగా తవ్వితే చినుకు కూడా పక్కకు పోదు. బోరునీరు ఉప్పగా ఉన్నచోట నేలపై తెల్లని పొర ఏర్పడుతుంది. శాసనం చెప్పిన చవుడు దోషం ఇదే. పశువుల ఎరువు సమృద్ధిగా వేసి, వానకాలంలో మంచినీటితో ఆ ఉప్పును కిందికి దిగేటట్లు చేయాలి.

ఇక ఏ కాలంలో ఏమి విత్తాలి అనే ప్రశ్న వస్తుంది. పల్లెల పంచాంగం కార్తెలలో ఉన్నది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఆ ఎండలో విత్తనం వేయడం వృథా. నేలను తవ్వి, ఎరువు వేసి సిద్ధం చేసుకోవడానికే ఆ కాలం తగినది. జూన్ 8వ తేదీ ప్రాంతంలో మృగశిర ప్రవేశించి తొలకరి పడగానే బెండ, బీర, సొర, కాకర, అలసంద, అనప విత్తాలి. అనప పగటి వెలుగు తగ్గితేనే పూస్తుంది. తొలకరిలో విత్తిన తీగ చలికాలంలో కాయలతో నిండడానికి కారణం ఇదే. అక్టోబరులో చిత్త, స్వాతి కార్తెల నాటికి టమాటా, వంగ, మిరప నారు నాటి, మెంతి, కొత్తిమీర, ముల్లంగి చల్లుకోవాలి. ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలిపోతుంది కనుక వేసవిలో దాని మీద ఆశ పెట్టుకోరాదు. వేసవిలో గోరుచిక్కుడు, తోటకూర, గంగవాయిలాకు వంటి ఎండకు ఓర్చుకొనే పంటలను ఎన్నుకొని, మధ్యాహ్నపు నీడ కోసం పడమటి దిక్కున ఒక మునగచెట్టును పెంచాలి. మునగ, కరివేప ఒకసారి వేరూనితే కొద్దినీటితోనే ఏళ్ళ తరబడి నిలుస్తాయి.

ఈ పేర్లను గురించి భాషాభిమానులు గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. కోస్తా ప్రాంతంలో ఆనపకాయ అంటే సొరకాయ. సీమలో అనపకాయ అంటే చిక్కుడు జాతికి చెందిన కాయ. ఒక్క దీర్ఘంతో కూర మారిపోతుంది. గోరుచిక్కుడును కర్నూలు ప్రాంతంలో మటికాయ అంటారు. ఇతరులు గోంగూర అనేదానిని కడప వారు గోగాకు అంటారు. ఉల్లిపాయ ఎర్రగడ్డ, వేరుశనగ చెనిక్కాయ. మొక్కతో పాటు మాట కూడా ఆ నేలలోనే వేరూనుతుంది. పెరటిలో అనప తీగ లేని ఇంటి పిల్లలకు అనప అనే మాట కూడా అపరిచితమవుతుంది.

పెరటి తోట వల్ల కలిగే ప్రయోజనాలలో ఆరోగ్యాన్ని ముందుగా చెప్పుకోవాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థినులు ఈ వయోవర్గంలోని వారే. రక్తహీనతకు కారణాలు అనేకం. కేవలం ఆకుకూరతో అది నయమవుతుందని చెప్పడం సరికాదు. వైద్యుని సలహా, ఇనుము మాత్రలు అవసరమైనవారు వాటిని తప్పక తీసుకోవాలి. అయినా దినభోజనంలో ఆకుకూర లేకపోవడం ఆ లోపాన్ని మరింత పెంచుతుంది. పెద్దలు రోజుకు ఆకుకూరలతో కలిపి సుమారు 400 గ్రాముల కూరగాయలు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. నలుగురున్న ఇంటికి అది రోజుకు 1,600 గ్రాములు. పావు సెంటు మడి అంతటినీ ఇవ్వలేదు. కాని అందులోని ఆకుకూర వాటాలో చెప్పుకోదగిన భాగాన్ని ఇవ్వగలదు. రాగిసంగటితో పాటు ఒక గరిటెడు పుల్లగూర, దానిపై నాలుగు చుక్కల నిమ్మరసం ఉంటే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం వెంటనే తేనీరు తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని లోకోక్తి. దగ్గర ఉన్నదాని విలువ మనిషికి తెలియదని దాని భావం. ఆ లోకోక్తిని అబద్ధం చేయడానికి ఒక మునగచెట్టు చాలు.

ధరల నుండి కొంత రక్షణ రెండవ ప్రయోజనం. 2023 జులైలో కిలో టమాటా 150 రూపాయలు దాటింది. కొద్ది వారాలకే ధర పడిపోయి, కోతకూలి కూడా రాక రైతులు పంటను పారబోసిన సంఘటనలు సీమలో జరిగాయి. పత్తికొండ టమాటా రైతుకూ, కర్నూలు ఉల్లి రైతుకూ ఇటువంటి ఎగుడుదిగుడులు కొత్త కాదు. పెరటి తోట ఈ విపణి సమస్యను పరిష్కరించలేదు. రైతు పండించిన పంటకు న్యాయమైన ధర లభించవలసిందే. అయితే ధర ఆకాశాన్ని అంటిన రోజున కూలివాని కంచంలో కూర మాయం కాకుండా పెరడు కాపాడుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ప్రజలు ఇళ్ళ వద్ద సుమారు రెండు కోట్ల విజయోద్యానాలను పెంచి ఆహారపు కొరతను ఎదుర్కొన్నారు. ఆపదలో ఉన్న జాతికి పనికివచ్చినది నిత్యం కరువుతో పోరాడే సీమకు పనికిరాకుండా పోదు.

తోటకు కావలసిన ఎరువు, మందు ఇంటి వద్దనే లభిస్తాయి. ఇరవై లీటర్ల నీటిలో కిలో ఆవుపేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను కలిపి రెండు రోజులు నీడలో ఉంచితే జీవామృతం సిద్ధమవుతుంది. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పును నలగగొట్టి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి సాయంవేళ చల్లితే పేను, పచ్చపురుగు అదుపులో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం స్వయంసహాయక సంఘాల మహిళల ద్వారా ఇటువంటి పద్ధతులను పల్లెపల్లెకూ చేర్చింది. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం మరి ఇద్దరు గ్రహీతలతో కలిసి లభించింది.

మహిళల ప్రస్తావన వచ్చినప్పుడు మరొక మాట చెప్పవలసి ఉన్నది. నీరు తేవడం, వంట చేయడం, పాత్రలు కడగడం చాలా ఇళ్ళలో స్త్రీల వంతుగానే ఉన్నాయి. పెరటి తోట కూడా ఆ బరువుకు తోడైతే అది సంతోషాన్ని కాక అలసటనే పెంచుతుంది. కుండలు నింపడం కొడుకు పని, కలుపు తీయడం తండ్రి పని, విత్తనాలు ఎంచడం అవ్వ పని అయినప్పుడే పెరడు ఇంటిల్లిపాదిది అవుతుంది. ముఖ్యంగా అవ్వల జ్ఞానం విలువైనది. ముదిరిన బీరకాయను దూలానికి వేలాడగట్టడం, అనప గింజలను బూడిదలో కలిపి కుండలో దాచడం వారికి తెలిసిన విద్యలు. వారు చెప్పగా పిల్లలు నేర్చుకోకపోతే ఆ విత్తనమూ, ఆ విద్యా ఒకేసారి అంతరిస్తాయి.

పెరడు లేనివారు నిరాశపడనవసరం లేదు. మిద్దె మీది కుండీలలో కూడా మెంతి, కొత్తిమీర, తోటకూర పెరుగుతాయి. విద్యాసంస్థలలో సామూహికంగానూ తోటలు పెంచవచ్చు. పాఠశాలల్లో పోషక తోటలు పెంచాలని కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో 2025 జనవరిలో డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజన పథకం ప్రారంభమయింది. ఆ భోజనానంతరం విద్యార్థులు చేతులు కడుక్కొనే నీరు కాలువలో కలిసిపోకుండా కరివేప, మునగ మొదళ్ళకు చేరితే, సప్త సంతానాలలోని వనం ఆ కళాశాల ఆవరణలోనే వెలుస్తుంది.

భాస్కరుడు చెరువు తవ్వించడానికి వేయిమంది కూలీలు కావలసి వచ్చింది. పెరటిలో ఒక కుండ పాతడానికి రెండు చేతులు చాలు. రెండు పనులకూ మూలసూత్రం ఒక్కటే. ఉన్న నీటిని కొలుచుకోవడం, దానికి తగినంత నేలనే తడపడం, ఒక్క చుక్కను కూడా వ్యర్థం చేయకపోవడం. ఈ సూత్రాన్ని పాటించిన ఇంట కరువు కాలంలో సైతం సంగటి పక్కన పచ్చని కూర కనిపిస్తుంది.

పదాలు – అర్థాలు

తటాకం = చెరువు
వర్షచ్ఛాయ = కొండలు అడ్డుపడడం వల్ల వాన తక్కువగా కురిసే ప్రదేశం
చవుడు = ఉప్పుతో కూడిన నేల
ఊట = నీరు ఊరడం
ఆచ్ఛాదన = కప్పి ఉంచడం
నెర్రెలు = నేలలోని పగుళ్ళు
విపణి = అంగడి, సంత

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రాయలసీమ పెరటిలో నీటిని పొదుపుగా వాడే పద్ధతులను వివరించండి.
2. పెరటి తోట వల్ల కలిగే ప్రయోజనాలను, దాని పరిమితులను చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. పోరుమామిళ్ళ శాసనం పెరటి తోటకు ఏ విధంగా మార్గదర్శకమవుతుంది?
2. ‘రెండవ నీరు’ అంటే ఏమిటి?
3. నల్లరేగడిలో, ఎర్రనేలలో మడులను ఎలా కట్టాలి? ఎందుకు?

ఇ) విడదీసి సంధి పేరు తెలపండి
పోషకాహారం, రాజోద్యానం, మధ్యాహ్నపు వేళ అనే మాటలోని మధ్యాహ్నం, భోజనానంతరం

ఈ) ప్రాజెక్టు పని
మీ ఇంటిలో ఒక రోజు మిగిలే రెండవ నీటిని బిందెలతో కొలవండి. ఆ నీటితో వేసవిలో ఎన్ని చదరపు మీటర్ల మడిని తడపవచ్చునో లెక్కించి, మీ అవ్వాతాతలను అడిగి ఆ మడికి తగిన విత్తనాల పట్టికను తయారు చేయండి.